బరంపురం దుకాణం, అమెరికా గ్రీన్‌కార్డు: ఉంచుకోవాలా, వదులుకోవాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం. మా ఆడపడుచు 2006లో మావారి పేరున వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ ఇన్నేళ్లకు తేలింది. నాలుగు నెలల కిందట మావారు, నేను, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి న్యూజెర్సీ వచ్చాం. పెద్దవాడికి వయసు దాటిపోయిందని వీసా రాలేదు. వాడు నాయనమ్మ దగ్గరే ఉండిపోయాడు. బడా బజార్‌లో మాకు పట్టుచీరల దుకాణం ఉంది. అత్తగారికి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు. మావారు ఏడాదిన్నర అక్కడ ఉండి దుకాణం చూసుకుని వస్తానంటున్నారు. ఆరు నెలలకోసారి వచ్చి ముఖం చూపిస్తే కార్డుకు ఢోకా లేదని ఎవరో చెప్పారట. ఒక్కోరోజు "కార్డులు ఇచ్చేసి అందరం వెళ్లిపోదాం" అని కూడా అంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు

చెల్లెమ్మా, మాదీ బరంపురమే, ఖస్పా వీధి. నేను ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లయింది. లాయర్ని కాను. మా ఇంట్లో ఈ కార్డు నిలబెట్టుకోవడానికీ తిప్పలు పడ్డాం, చివరికి వదులుకోవడానికీ తిప్పలు పడ్డాం. అందుకే రాస్తున్నాను.

మీరు "మేం ఉంచుకోవాలా" అని అడిగారు. మీ ఇంట్లో కార్డులు మూడు. ఎవరి కార్డు వారిది. మీవారు తనది వదులుకున్నంత మాత్రాన మీదీ, మీ అమ్మాయిదీ పోవు. ముగ్గురి సంగతీ ఒకే మాటతో తేల్చేయకండి. అమ్మాయి మైనరు కాబట్టి తల్లిదండ్రులు ఎక్కడ కాపురం ఉంటే తన లెక్కా అటే పోతుంది. మీరు తనతో ఇక్కడ ఉంటే తన కార్డుకు భయం లేదు.

ఇక ఆ ఆరు నెలల మాట. దాన్ని నమ్ముకుని కార్డు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. 180 రోజులు దాటి బయట ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారులు కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్ల కింద చూసి ప్రశ్నలు వేయొచ్చు. ఏడాది దాటితే ఆ కార్డు చూపించి లోపలికి రావడమే కుదరదు. ఆరు నెలల లోపు వచ్చినా, ఇల్లూ పనీ అక్కడ పెట్టుకుని ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తున్నారని వాళ్లకు అనిపిస్తే చిక్కే. మీ కాపురం ఎక్కడ అన్నదే వాళ్లు చూసేది. ఇంటి అద్దె కాగితం, టాక్సు రిటర్ను, డ్రైవింగ్ లైసెన్సు, అమ్మాయి బడి, బ్యాంకు ఖాతా, అన్నీ కలిపి చూస్తారు.

మీవారికి ఏడాదిన్నర తప్పదంటే రీఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, తీసుకోవాలి. ఫారం ఐ-131. ఇది ఇక్కడ ఉండగానే వేయాలి, వేలిముద్రలూ ఇక్కడే ఇవ్వాలి. బరంపురం వెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు, పొడిగించరు. దాంతో కార్డు నిలబడుతుంది గానీ పౌరసత్వం లెక్క నిలబడదు. పౌరసత్వానికి ఐదేళ్లు ఎడతెగకుండా ఇక్కడ కాపురం ఉండాలి, అందులో 30 నెలలు మనిషి ఇక్కడే ఉండాలి. ఏడాది దాటి బయట ఉంటే చేతిలో పర్మిట్ ఉన్నా ఆ లెక్క తెగిపోతుంది.

మా అమ్మ సంగతి చెప్తాను. నాకు పౌరసత్వం వచ్చాక అమ్మకు కార్డు తెప్పించాను. ఆవిడకు ఇక్కడ కాలు నిలవలేదు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర చూడాలి, దేశిబెహరా వీధిలో అమ్మవారిని దర్శించుకోవాలి, అప్పడాల పిండి తన చేత్తో కలుపుకోవాలి. ఎనిమిదేసి నెలలు, పదేసి నెలలు అక్కడే. మూడోసారి తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో పక్క గదిలోకి తీసుకెళ్లారు. నేను బయట రెండు గంటలు నిలబడ్డాను. అమ్మకు తెలుగూ ఒడియా తప్ప మరో భాష రాదు. ఫోన్లో హిందీ మాట్లాడే మనిషిని కలిపారట. ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నారు. "మా అబ్బాయి చదివితే గానీ పెట్టను" అని పెన్ను ముట్టుకోకుండా చేతులు కొంగులో దాచుకుని కూర్చుందట. ఆఖరికి మందలించి పంపారు. బయటికి వచ్చి నన్ను చూశాక గానీ ఆవిడ చేతుల వణుకు తగ్గలేదు.

ఆ కాగితం ఐ-407. కార్డు వదులుకుంటున్నానని మన ఇష్టంతో రాసిచ్చేది. ఎయిర్‌పోర్టులో దాని మీద సంతకం పెట్టి తీరాలన్న నిబంధన లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కు ఉంది. మీవారికి ఇది కంఠతా వచ్చేలా చెప్పండి.

మరుసటి ఏడాది మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. అమ్మ కాపురం బరంపురంలోనే అని ఒప్పుకున్నాం. అదే ఐ-407 ఈసారి ఇంట్లో వీధి అరుగు మీద కూర్చుని నింపాం. నేను ఒక్కో గడీ చదివి తెలుగులో చెప్తుంటే విని, ఆవిడే సంతకం పెట్టింది. కార్డు జతచేసి పోస్టులో పంపాం. ఫీజు లేదు. ఆ తర్వాత హైదరాబాద్ కాన్సులేట్‌లో విజిటర్ వీసా అడిగితే ఇచ్చారు. ఇప్పుడు మనవల్ని చూడాలనిపిస్తే వస్తుంది, యాత్రకు వెళ్తుంది.

మీ పరిస్థితి వేరు. మీరు ఇప్పుడు వదిలేస్తే ఆ 2006 పిటిషన్ మళ్లీ పనికిరాదు. ఆడపడుచు కొత్తగా వేయాలి, వరస చివర నిలబడాలి. అందుకని నా మాట ఇది: మీరూ అమ్మాయీ కదలకండి. మీవారు పర్మిట్‌కు వేసి, వేలిముద్రలిచ్చి వెళ్లిరానివ్వండి. ఒకవేళ అక్కడే ఉండిపోవాల్సి వచ్చి తన కార్డు వదులుకున్నా, మీరు పౌరురాలయ్యాక భర్తగా తెప్పించుకోవచ్చు. దానికి ఏళ్ల తరబడి వరస ఉండదు.

టాక్సు సంగతి కూడా తెలుసుకోండి. కార్డు చేతిలో ఉన్నంతకాలం బరంపురం దుకాణం ఆదాయం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ మినహాయింపు దొరుకుతుంది. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు తెలిపే ఫారం) వేయాలి. పన్ను తగ్గుతుందని ఎవరైనా నాన్ రెసిడెంట్‌గా రిటర్ను వేయమంటే ఒప్పుకోకండి, కార్డు వదులుకున్నారనడానికి అదే సాక్ష్యమవుతుంది. అక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల రూపాయి ఖాతాగా, మార్పించండి. గ్రీన్‌కార్డు వల్ల మన పౌరసత్వం పోదు, దుకాణం మీదగానే ఉంటుంది.

ఇంకొకరు

మాది రాయగడ, ఉండేది టొరంటో. చెల్లెమ్మా, కెనడాలో చుట్టాలుంటే వాళ్ల లెక్క విని నిర్ణయం తీసుకోకండి. మాకు ఐదేళ్లలో 730 రోజులు ఇక్కడ ఉంటే పీఆర్ (శాశ్వత నివాస హోదా) నిలుస్తుంది. అమెరికాలో ఇన్ని రోజులుంటే చాలు, కార్డు నిలుస్తుందనే లెక్క లేదు. మా బావగారు ఈ రెండూ కలగలిపి చాలా ఇబ్బంది పడ్డారు.

మళ్లీ ప్రశ్న

అన్నయ్యగారూ, మీ జవాబు మావారికి చదివి వినిపించాను. పర్మిట్‌కు వేద్దామన్నారు. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి పెద్దవాడికి సంబంధం ఖాయం చేసి, మాఘమాసంలో పెళ్లి కూడా చేసేద్దామనుకుంటున్నాం. ఇచ్ఛాపురం సంబంధం, మంచి పిల్ల.

జవాబు

చెల్లెమ్మా, ఒక్క నిమిషం ఆగండి. పెద్దవాడి కోసం ఐ-130, అంటే సొంతవాళ్లను రప్పించుకోవడానికి వేసే పిటిషన్, వేశారా? గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు పెళ్లికాని పిల్లలకే పిటిషన్ వేయగలరు. వేశాక వాడికి పెళ్లయితే ఆ పిటిషన్ అక్కడితో రద్దు. ఇంకా వేయకపోతే మీ పేరున వేయండి. మీవారి పేరున వద్దు. రేపు ఆయన కార్డు వదులుకుంటే ఆయన వేసిన పిటిషన్ కూడా పోతుంది. మీరు పౌరురాలయ్యాక పెళ్లయిన కొడుక్కి కూడా వేయొచ్చు గానీ, ఆ వరస చాలా పొడుగు.

పెళ్లి ఆపమని చెప్పే పెద్దరికం నాకు లేదు. వాడికి అసలు అమెరికా రావాలని ఉందో లేదో మీరెవరైనా అడిగారా? ఇద్దరూ కూర్చుని వాడికి ఫోన్ చేయండి. ఈ నిబంధన ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ పిల్లకూ, వాళ్లవాళ్లకూ కూడా తెలియాలి. వాడు ఏమన్నాడో నాకు రాయండి, ఐ-130కి ఏ కాగితాలు కావాలో అప్పుడు చెప్తాను. వాడి బర్త్ సర్టిఫికెట్ ఒడియాలో ఉంటే ఇప్పుడే ఇంగ్లీషులోకి అనువాదం చేయించి పెట్టుకోండి. అందులోనూ పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు స్పెల్లింగు ఒకటేనా కాదా చూడండి. మనవాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది అక్కడే.