టీ తాగిందని ఆపరేషన్ ఆపేశారు, ఎన్ని గంటల ముందు ఏం మానాలి?

కావలి కుర్రోడు:
పొద్దున్నుంచి తల పగిలిపోతా ఉంది. ఈరోజు నెల్లూరులో మా అమ్మకి ఆపరేషన్. తెల్లారి 5 గంటలకి బయల్దేరేటప్పుడు గ్లాసుడు టీ తాగింది. 9 గంటలకి మత్తు డాక్టర్ అడిగితే ఉన్నమాట చెప్పింది. అంతే, ఎల్లుండి రమ్మన్నారు. అన్నం లేదు, టిఫిను లేదు, ఉట్టి టీ! అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తన్నారు. సరిగ్గా తెలిసినోళ్లు చెప్పండయ్యా.

సోమశిల:
పాలు కలిసిన టీకి 6 గంటలు. మంచినీళ్లకి 2.

ఒంగోలు సిస్టర్ (రిటైర్డ్):
వాళ్లు ఆపడమే మంచిదయింది బాబూ. మత్తులో ఉన్న మనిషికి దగ్గు రాదు, మింగడం ఉండదు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తది. ఇడ్లీలాంటి తేలిక టిఫినుకైనా 6 గంటలు. పూరీ, మాంసం, బిర్యానీ అయితే 8 గంటలు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. ఇంతకీ ఏం ఆపరేషన్? వయసెంత? షుగర్, బీపీ ఉన్నాయా? ఏమేం మాత్రలు? ఒక్కటీ రాయలేదే.

ఉదయగిరి నుంచి:
ఏదైనా సరే, వెన్నుకి ఇంజెక్షన్ మాత్రం ఒప్పుకోబాకండి. మా ఇంట్లో ఆమెకి సిజేరియన్‌కి వేశారు. పిల్లోడు బడికి పోతన్నాడు, ఆమె నడుం నొప్పి ఇంకా పోలేదు.

ఒంగోలు సిస్టర్:
అట్టా భయపెట్టబాకండి. ఆ సూది చాలా సన్నది. గుచ్చినచోట కొద్దిరోజులు సలపొచ్చు. కొందరికి తలనొప్పి వస్తది, లేచి కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. దానికి వైద్యం ఉంది. ఏళ్ల తరబడి నడుం నొప్పికి సూదిని అనబాకండి.

ఉదయగిరి నుంచి:
అయితే మా ఆమె అబద్ధం చెప్తందా?

ఒంగోలు సిస్టర్:
నొప్పి నిజమే నాయనా. అసలు కారణం ఏందో ఎముకల డాక్టర్‌కి చూపించండి అంటన్నా.

సోమశిల:
ఆయన అడిగింది టీ సంగతి.

కావలి కుర్రోడు:
పిత్తాశయంలో రాళ్లు. కెమెరా పెట్టి తీస్తారంట. 61 ఏళ్లు. షుగర్ ఉంది, మాత్రలతో మామూలుగానే ఉంటంది. పోయినేడు గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మాత్రలు రెండు రకాలు వేసుకుంటది. ఎల్లుండి దాకా అవి ఆపమని పక్కింటాయన అంటన్నాడు. ఆపమంటారా?

సోమశిల:
ఆపొద్దు. ఫోన్ చెయ్యండి.

ఒంగోలు సిస్టర్:
ముందు చెప్పాల్సింది ఇది కదయ్యా! స్టెంట్ ఉన్నోళ్లు సొంతంగా ఆ మాత్రలు మానితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టొచ్చు. ఆస్పిరిన్ చాలామందికి ఆపరు. క్లోపిడోగ్రెల్ ఆపాల్సొస్తే 5 రోజుల ముందే ఆపిస్తారు, అదీ గుండె డాక్టర్‌ని అడిగే. షుగర్ మాత్రల పేర్లు చూడండి. చివర్న ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే షుగర్ మామూలుగా కనపడతానే రక్తంలో ఆమ్లం పెరగొచ్చు. మాత్రల అట్టలు, స్టెంట్ కాగితాలు అన్నీ మత్తు డాక్టర్ ముందు పెట్టండి. ఎల్లుండి కుదరదంటే గొడవ పడబాకండి. కట్టుడు పళ్లున్నా, కదిలే పన్నున్నా అదీ చెప్పాల. కెమెరా ఆపరేషన్‌కి మామూలుగా పూర్తి మత్తే ఇస్తారు, వెన్ను ఇంజెక్షన్ వాదన మీకు అక్కర్లేదు.

కావలి కుర్రోడు:
అట్టల మీద డాపాగ్లిఫ్లోజిన్ అని ఉందక్కా. ఫోన్ చేస్తన్నా. థాంక్స్.

ఉదయగిరి నుంచి:
మరి పాలు లేని టీ అయితే?

సోమశిల:
నీళ్ల లెక్కే. 2 గంటలు.