పెళ్లి కాగానే లెక్కలు ఎక్కడికి పోతాయి? (విక్టోరియన్ సాగాలు చదివేవాళ్లకి ఒక ప్రశ్న)

లెక్కల చదువరి:

పేదరికం, అంతస్తుల తేడా, ప్రేమ, ఈ మూడూ కలిపి రాసే లావుపాటి విక్టోరియన్ సాగాలు, అంటే విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండులో నడిచే నవలలు, ఇక్కడ చాలామందే చదువుతారు కదా. నేనూ ఒకటి పట్టుకున్నాను. రెండు భాగాలు అయ్యాయి, మూడోది మొదలుపెట్టాలా వద్దా అని ఆగాను. పేరు చెప్పను, చెబితే ఎవరు ఎవర్ని చేసుకుంటారో చెప్పేసినట్టే. కథ మాత్రం మీరు ఊహించగలరు. 1870లు, లాంకషైర్‌లో ఒక నూలు మిల్లు ఊరు, మగ్గాల మీద పనిచేసే అమ్మాయి, తాగుబోతు తండ్రి, ఇద్దరు చెల్లెళ్లు, మిల్లు యజమాని కొడుకు.

నాది అకౌంట్స్ ఉద్యోగం. నవల చదువుతున్నా పక్కన పెన్సిల్ ఉండాల్సిందే. అందుకే మొదటి భాగం నాకు పండగలా గడిచింది. వాళ్లమ్మ సోమవారం పొద్దున్నే భర్త ఆదివారం కోటు మడతపెట్టి, ఎవరికీ కనబడకుండా శాలువా కింద దాచి, తాకట్టు కొట్టుకి తీసుకెళ్తుంది. శనివారం కూలి చేతికి రాగానే విడిపిస్తుంది. ఆదివారం ఆయన అదే కోటు వేసుకుని దర్జాగా చర్చికి వెళ్తాడు. మర్నాడు మళ్లీ కొట్టుకి. కోటు మీద వచ్చేది రెండు షిల్లింగులు. 1872 తాకట్టు చట్టం ప్రకారం రెండు షిల్లింగులకు నెలకి అర పెన్నీ వడ్డీ. వినడానికి ఏమీ లేదు. కానీ వారానికే విడిపించినా నెల వడ్డీ కట్టాల్సిందే. అంటే వారానికో అర పెన్నీ, ఏడాదికి 26 పెన్నీలు. షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి ఆవిడ తీసుకునే అప్పు 24 పెన్నీలు! అసలు కన్నా వడ్డీ ఎక్కువ, చీటీ రాసినందుకు తీసుకునేది కాక. రచయిత్రి ఈ లెక్క ఎక్కడా చెప్పదు. ఆవిడ వెళ్లడం, రావడం మాత్రమే చూపిస్తుంది. లెక్క మనమే వేసుకుంటాం, వేసుకున్నాక పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుంటాం.

ఇక రెండో భాగం. యజమాని కొడుకు మగ్గాల షెడ్డులోకి వస్తాడు, ఆమె చెవిలో ఏదో గుసగుసలాడతాడు, ఆమె ఎర్రబడుతుంది. గొడవలు, కన్నీళ్లు, చివరికి పెళ్లి. అంతే, ఆ పేజీ తర్వాత పుస్తకంలో ఒక్క పెన్నీ కనబడితే ఒట్టు. వాళ్లమ్మ ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు? చెల్లెళ్లు ఇంకా మిల్లుకి వెళ్తున్నారా, అక్క మొగుడి మిల్లుకేనా? ఈ అమ్మాయి చేతికి ఎవరైనా నెలకింత అని ఇస్తున్నారా, లేక రిబ్బను కొనాలన్నా ఆయన్ని అడగాలా? పెళ్లికి ముందు రొట్టె ధర తెలియకుండా ఒక్క అధ్యాయం గడవనిచ్చేది కాదు, పెళ్లయ్యాక అన్నీ గాలిలోంచి వస్తున్నాయి.

ఇవన్నీ ఇంతేనా? మీకు కోపం రాదా? లేక నాకే ఈ జబ్బు ఉందా?

వానలో నవల:

మీకే ఉందండీ 🙂

నవ్వులాటకి అన్నాను గానీ, నేను అవతలి పక్షం. అంతసేపు తాకట్టు కొట్టు చుట్టూ తిప్పాక ఆ పిల్లకి నాలుగు రోజులు వెచ్చటి గది, ఒక మంచి గౌను ఇస్తే ఏం పోయింది? పెళ్లయ్యాక కూడా అద్దె రసీదులు చూపిస్తూ కూర్చుంటే అది నవల కాదు, ఆడిట్ రిపోర్ట్.

ఇంకో సంగతి. ఇలాంటి కథలు మనకాలం వాళ్లు కొత్తగా కనిపెట్టినవి కావు. లండన్ జర్నల్ లాంటి పెన్నీ వారపత్రికలు ఆ రోజుల్లోనే గొప్పింటి అబ్బాయి, పేదింటి అమ్మాయి సీరియళ్లు తెగ అచ్చేశాయి. కొనుక్కుని చదివినవాళ్లలో పనిమనుషులు, మిల్లు అమ్మాయిలు ఎంతమందో. తాకట్టు కొట్టు వాళ్లకి రోజూ కనబడేదే, దాని గురించి మళ్లీ చదవడానికి పెన్నీ ఎందుకు తగలేస్తారు? వాళ్లకి కావాల్సింది రెండో భాగమే. మీరు నేను సుఖంగా కూర్చుని మొదటి భాగాన్ని మెచ్చుకుంటున్నాం. ఇందులో కాస్త వెటకారం లేదంటారా?

పడుగుపేక:

నాకు పెళ్లితో పేచీ లేదు. ఆ గుసగుసతోనే ఉంది. టెక్స్‌టైల్ చదువుకున్నవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ఆవిరితో నడిచే మగ్గాల షెడ్డులో గుసగుసా! ఒకే కప్పు కింద వందల మగ్గాలు, ఒక్కోదాంట్లో నాడె (అడ్డనూలు మోసుకెళ్లే షటిల్) అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది. పక్కన నిలబడి అరిచినా వినబడదు. లాంకషైర్ నేత అమ్మాయిలు మాట్లాడుకున్నది పెదాలతో. గొంతు వాడకుండా, నోరు బాగా సాగదీసి ఒక్కో మాటా చూపించేవాళ్లు, ఎదుటివాళ్లు పెదాలు చూసి పట్టేసేవాళ్లు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి కబుర్లు నడిచేవి. యజమాని కొడుక్కి ఆ విద్య రాదు. అంటే ఆయన అక్కడ నిలబడి ఉండగానే, ఆయన ముక్కు గురించి, బూట్ల గురించి ఆ గది మొత్తం మాట్లాడుకోవచ్చు, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. అంతస్తు తేడా చూపించడానికి ఇంతకన్నా మంచి సీను దొరుకుతుందా? చేతిలో పెట్టుకుని వదిలేశారు.

ఇంకోటి. కండెలో నూలు అయిపోయినప్పుడల్లా కొత్త కండె నాడెలో పెట్టాలి. పెట్టాక నాడె పక్కనున్న చిన్న కన్నంలోంచి దారం కొస బయటికి రావాలి. సూదితో గుచ్చే టైం ఎక్కడుంది? నాడె పెదాలకి ఆనించి ఒక్క పీల్పు, దారం నోట్లోకి వచ్చేస్తుంది, దానితో పాటు దుమ్మూ గంజీ కూడా. దీన్ని వాళ్లు ‘నాడెకి ముద్దు పెట్టడం’ అనేవాళ్లు. ఒక్కొక్కరికి రెండు మగ్గాలో నాలుగు మగ్గాలో ఉండేవి, రోజంతా ఇదే పని. నాడెలు చేతులు మారేవి కాబట్టి ఒకరి నోటి జబ్బు ఇంకొకరికి. ముందు పళ్లు పాడైపోయేవి. మీ నవలలో హీరో ఆమెని మొదటిసారి ముద్దు పెట్టుకున్నప్పుడు గులాబీ రేకులు గుర్తొచ్చాయని ఉందా? ఉండే ఉంటుంది లెండి.

లెక్కల చదువరి:

పడుగుపేక గారూ, గులాబీలు కాదు, తేనె. ఇప్పుడు ఆ పేజీ మళ్లీ చదవలేను, థాంక్స్.

వానలో నవల గారూ, మీరన్నది నన్ను కుదిపింది, ఒప్పుకోను గానీ. ఆ మిల్లు అమ్మాయిలకి కావాల్సింది సుఖాంతం అనే అనుకుందాం. సుఖం ఎంతకి వచ్చింది, ఎవరు కట్టారు అని చూపిస్తే సుఖం తగ్గిపోదు కదా. పెళ్లయిన మొదటి శనివారం ఆ అమ్మాయి తల్లి చేతిలో ఒక నాణెం పెట్టడం చూపిస్తే చాలు, పాఠకులు ఏడ్చేస్తారు. అందులో ప్రేమ కూడా ఉంటుంది, అవమానం కూడా ఉంటుంది.

పాత దస్తావేజు:

ఆ నాణెం ఎవరిది అన్నది అసలు ప్రశ్న. కథ 1870ల్లో అంటున్నారు కాబట్టి చెప్తున్నా. 1870 చట్టంతో పెళ్లయిన ఆడవాళ్లకి తాము పనిచేసి సంపాదించిన డబ్బు మీద హక్కు వచ్చింది. ఆస్తి మొత్తం మీద హక్కు రావడానికి 1882 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు మీ కథానాయిక సంగతి చూడండి. మగ్గం మీద ఉన్నంతకాలం, పెళ్లి చేసుకున్నా సరే, ఆ కూలి చట్టప్రకారం ఆమెదే. యజమాని ఇంటి కోడలై పని మానేసిందా, ఇక ఆమె సంపాదనంటూ లేదు, భర్త ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేదు. మీ ప్రశ్నకి జవాబు అదే: అవును, రిబ్బనుకి కూడా ఆయన్నే అడగాలి. పెళ్లితో ఆమె గొప్పదయింది, చేతిలో డబ్బు మాత్రం మునుపటికన్నా తక్కువ.

ఈ సాగాల్లో పెళ్లి కాకుండా గర్భవతి అయ్యే చెల్లెలో స్నేహితురాలో తప్పకుండా ఒకరు ఉంటారు, మీ దాంట్లో ఉందా? 1834 పేదల చట్టం ఆ బిడ్డ భారమంతా దాదాపుగా తల్లి నెత్తినే వేసింది. 1844లో తల్లి నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి తండ్రి నుంచి భరణం అడిగే దారి తెరిచారు. 1872లో దాని పరిమితి వారానికి ఐదు షిల్లింగులకి పెంచారు. నవలల్లో మాత్రం ఆ అమ్మాయి నేరుగా నదిలో దూకుతుంది, కోర్టు మెట్లెక్కిన ఒక్క అమ్మాయినీ నేను చూడలేదు.

వర్క్‌హౌస్‌ని, అంటే పేదల చట్టం కింద పని చేయించుకుని తిండీ గూడూ ఇచ్చే చోటుని, జైలులా రాయడం కూడా అలాంటిదే. గేటుకి తాళం వేసి మనుషుల్ని ఆపేయరు. ముందుగా చెప్తే వెళ్లిపోవచ్చు. లోపలికి వెళ్లేటప్పుడు సొంత బట్టలు తీసుకుని దాచేస్తారు, బయటికొచ్చేటప్పుడు తిరిగిస్తారు. వర్క్‌హౌస్ బట్టలతో బయటికి పోతే దొంగతనం కేసు. భర్త వెళ్తే భార్యాబిడ్డలు కూడా బయటికి రావాల్సిందే, వాళ్లని లోపల వదిలి వెళ్లనివ్వరు. లోపల ఉన్నంతకాలం మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు వేర్వేరు. తలుపు తెరిచే ఉంది, బయట మాత్రం తిండి లేదు. నాకైతే తాళం కన్నా ఇదే భయంగా అనిపిస్తుంది.

వానలో నవల:

సరే, మీరంతా కలిసి నా వెచ్చటి గది లాగేసుకున్నారు. నిజజీవితంలో ఇలాంటి పెళ్లి ఒక్కటి కూడా బాగా సాగలేదా?

పాత దస్తావేజు:

‘బాగా’ అంటే ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. హానా కల్విక్ అని ఒక పనిమనిషి, ఆర్థర్ మన్బీ అని ఒక పెద్దమనిషి. ఆయన లా చదివాడు, కవిత్వం రాసేవాడు, చర్చి ఆస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. 1854లో లండన్ వీధిలో పరిచయం. పెళ్లి 1873 జనవరిలో, అదీ రహస్యంగా. మధ్యలో 18 ఏళ్లు పైనే. ఆ ఏళ్లన్నీ ఆమె ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి పనికి మారుతూ, ఆయన కోరిక మీద రోజువారీ డైరీ రాస్తూ వచ్చింది.

పెళ్లయ్యాక ఆయన గదుల్లోనే ఉంది, పనిమనిషిగా. ఎవరైనా వస్తే టీ తెచ్చిపెట్టి వెళ్లిపోయేది. ఆయన ఆమెని దొరసానిలా ముస్తాబు చేసి ఫ్రాన్స్ కూడా తీసుకెళ్లాడు. కానీ లండన్‌లో దొరసానిలా బతకడానికి ఆమే ఒప్పుకోలేదు. కొన్నేళ్లకే వేర్వేరుగా ఉండటం మొదలైంది, ఆయన వెళ్లి చూసి వస్తుండేవాడు. ఆమె 1909లో పోయింది, ఆయన ఆ మరుసటి ఏడాది. ఆయన కాగితాల పెట్టెలు కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీకి చేరాయి, 1950లో గానీ తెరవలేదు.

వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఇందులో ఇబ్బంది పెట్టే విషయాలూ ఉన్నాయి. పెళ్లికి ముందు నుంచే ఆమె మెడలో తాళం వేసిన గొలుసు వేసుకునేది, తాళంచెవి ఆయన దగ్గర. ఆమె ఇష్టపడే వేసుకుందని చెప్పొచ్చు. పనిమనిషి ఇష్టానికి, యజమాని ఇష్టానికి మధ్య గీత ఎక్కడ గీస్తాం అన్నది నాకిప్పటికీ తేలలేదు.

లెక్కల చదువరి:

చూశారా, నేను అడిగింది ఇదే! పెళ్లితో అంతస్తు తేడా పోలేదు, టీ ట్రే పట్టుకుని గదిలోకి వచ్చింది. దొరసాని కానని ఆమే అనడం ఏ సాగాలోనూ చూడలేదు. మన నవలల్లో అమ్మాయి రెండు అధ్యాయాల్లో ఫోర్కు పట్టుకోవడం నేర్చేసుకుంటుంది, యాస మార్చేసుకుంటుంది, అత్తగారు మెత్తబడిపోతుంది. హానాకి ఒంటరిగా వీధిలో నడవడం, ఇష్టమొచ్చినప్పుడు బరువులెత్తడం అలవాటు. గ్లవ్స్ వేసుకుని కుర్చీలో కూర్చోమంటే ఆమెకి అది ప్రమోషన్ ఎలా అవుతుంది?

ఆ డైరీలు చదవడానికి దొరుకుతాయా?

పాత దస్తావేజు:

ఎంపిక చేసిన భాగాలు 1984లో పుస్తకంగా వచ్చాయి. ఏదైనా పెద్ద లైబ్రరీలో అడిగి చూడండి.

వానలో నవల:

నేను కూడా వెతుకుతాను. కానీ లెక్కల చదువరి గారూ, ముందే అడుగుతున్నా, అందులో ప్రేమ ఎంత, బూట్లు తుడవడం ఎంత?

పాత దస్తావేజు:

బూట్లే ఎక్కువ. ఏ రోజు ఎన్ని జతలు తుడిచిందో అంకెలతో సహా రాసుకుంది.

లెక్కల చదువరి:

ఇక మూడో భాగం వాయిదా.