మరాయెలో (ఇక్కడ న్యూజిలాండ్‌లో మావోరీల సభా ప్రాంగణం) స్టాఫ్ ట్రైనింగ్, రాత్రి బస కూడా అక్కడే. వెళ్లొచ్చినవాళ్లు చెప్పరూ?

హామిల్టన్ కొత్త టీచర్:
నమస్తే అండి. ఈ ఏడాదే ఇక్కడ ప్రైమరీ స్కూల్లో చేరాను. సెలవుల్లో స్టాఫ్ అందరికీ ఊరి బయట మరాయెలో ట్రైనింగ్ పెట్టారు. ఆడా మగా ఒకే హాల్లో పరుపులు వేసుకుని పడుకోవాలట! పైగా నేను శాకాహారిని. రాత్రి ఒక్కొక్కరూ లేచి నిలబడి పెపెహ (మన కొండ, నది, కుటుంబం చెప్పి పరిచయం చేసుకోవడం) చెప్పాలంటున్నారు. నెట్‌లో నమూనా చూసి 'నా కొండ తౌపిరి, నా నది వైకాతో' అని రాసుకున్నాను. సరిపోతుందా? ఒకటే టెన్షన్.

ఆక్లాండ్ నర్సు:
పడుకోవడం గురించి భయం వద్దు. బట్టలు బాత్రూంలోనే మార్చుకుంటారు. అసలు సమస్య గురకలు, చెవుల్లో పెట్టుకోవడానికి ఏదైనా తీసుకెళ్లండి.

రోటొరువా పంతులమ్మ:
అమ్మా, ముందు ఆ పెపెహ మార్చండి. తౌపిరి వైకాతో తెగవాళ్లకు పవిత్రమైన కొండ, మావోరీ రాజుల సమాధులుండేది అక్కడే. 2024లో కింగ్ తూహెయితియా గారినీ అక్కడికే తీసుకెళ్లారు. వాళ్ల ముందే నిలబడి అది నాదంటే పైకి ఏమీ అనరు గానీ, బాగోదు. మీరు పెరిగిన ఊరు, అక్కడి ఏరు, అమ్మానాన్నల పేర్లు, ఇప్పుడుంటున్నది హామిల్టన్ అని చెప్పండి. చాలు.

పోఫిరి (అతిథులకు స్వాగతం చెప్పే కార్యక్రమం) రోజు గేటు బయట గుంపుగా ఆగండి. లోపలి నుంచి ఒకావిడ గొంతెత్తి పిలుస్తుంది, అదే కరంగ. అది వినబడేదాకా అడుగు వేయకూడదు. మన వైపు ఆవిడ బదులు పలుకుతుంటే మెల్లగా నడుస్తారు, నడుమ ఆగి పోయినవాళ్లను తలుచుకుంటారు. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది. చాలాచోట్ల ముందు వరుస మాట్లాడే మగవాళ్లది. (దీని మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి, ఇక్కడ వద్దులెండి.) ప్రసంగం అవగానే ఆ వైపువాళ్లు లేచి పాడాలి. మీ స్కూలువాళ్లు ఏ పాట అనుకున్నారో కనుక్కుని నేర్చుకోండి, పెదాలు ఊరికే ఆడిస్తే తెలిసిపోతుంది. తర్వాత హోంగి: ముక్కూ నుదురూ మెల్లగా ఆనించడం, అంతే.

మీరు పడుకునే ఆ పెద్ద హాలు వాళ్లకు పూర్వీకుడి శరీరం. నడికప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. అందుకే చెప్పులు బయటే, లోపల తిండి ఉండదు. తల పెట్టుకునే దిండు మీద కూర్చోకండి, పడుకున్నవాళ్లను దాటకండి. భోజనాల గదిలో బల్లలెక్కి కూర్చోవడమూ తప్పే.

తిండి సంగతి ముందే చెప్పాలి. హాంగి అంటే మట్టిలో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ల మీద మాంసం, కుమరా (చిలగడదుంప), గుమ్మడి కలిపి ఉడికిస్తారు. మీకు విడిగా తీసి ఉంచమంటే సంతోషంగా చేస్తారు. అక్కడికెళ్లి ప్లేటు ముందు మొహం చిన్నబుచ్చుకుంటే వాళ్లకు కష్టంగా ఉంటుంది.

తిన్నాక ఫోన్ తీయకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తుడిచే గుడ్డ అందుకోండి. ట్రైనింగ్ స్లైడ్లు నాకు ఒక్కటీ గుర్తులేవు. అక్కడి ఆంటీలు గిన్నెలు కడుగుతూ తమ పిల్లల చదువుల గురించి చెప్పినవన్నీ గుర్తున్నాయి. అన్నట్టు, ఆ గుడ్డతో చేతులు తుడుచుకోకండి.

హామిల్టన్ కొత్త టీచర్:
అక్కా, చాలా థాంక్స్! పెపెహ మార్చేశాను. చుడీదార్ వేసుకోవచ్చా? కోహా (అతిథులు ఇచ్చే కానుక) నేను విడిగా ఇవ్వాలా?

రోటొరువా పంతులమ్మ:
పోఫిరికి పొడవు స్కర్టే మేలు, తర్వాత చుడీదార్ వేసుకోండి. కోహా మామూలుగా స్కూలు తరఫున ఒకే కవర్లో వెళ్తుంది. మన వైపు చివర మాట్లాడేవారు దాన్ని నేల మీద పెడతారు. మీ వాటా ఉందేమో ఆఫీసులో అడగండి.