చలి పొద్దున సెల్ఫ్ అందుకోని బండి: బ్యాటరీ మార్చాల్సిందేనా?

చింతపల్లి నుంచి ఒక ఉపాధ్యాయుడు:

అందరికీ నమస్కారం. నాది 2021లో కొన్న 125 సీసీ బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్. మా చింతపల్లిలో డిసెంబరు వచ్చిందంటే తెల్లవారుజామున వేళ్లు కొంకర్లు పోతాయి. పది రోజులుగా పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మని చప్పుడు తప్ప ఇంజిన్ తిరగడం లేదు. ఆ క్షణంలో మీటరు లైట్లు కూడా ఆరిపోయి మళ్లీ వెలుగుతున్నాయి. నాలుగైదు కిక్కులు కొడితే స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం బడి నుంచి బయల్దేరేటప్పుడు మాత్రం ఒక్క నొక్కుకే అందుకుంటుంది. ఇంటికీ బడికీ మధ్య 3 కిలోమీటర్లే. మెకానిక్ చూడగానే బ్యాటరీ పోయింది, మార్చేయండి అన్నారు. 12 వోల్టుల 5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ ఉంచుకునే కరెంటు లెక్క) సీల్డ్ బ్యాటరీ, బండితో వచ్చినదే. మార్చక తప్పదా?

విశాఖపట్నం నుంచి ఒక మెకానిక్:

మాస్టారూ, కొలవకుండా మాత్రం మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి బ్యాటరీలో శక్తి చాలడం లేదు, అది నిజం. కానీ తప్పు బ్యాటరీదే కావాలని లేదు. చలి రెండు వైపులా దెబ్బ కొడుతుంది. లోపలి రసాయన చర్య మందగించి బ్యాటరీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి ఇంజిన్‌ను తిప్పడానికి మామూలుకన్నా ఎక్కువ కరెంటు కావాలి. ఎండ ఎక్కేసరికి రెండూ సర్దుకుంటాయి. అందుకే మధ్యాహ్నం మీకు ఇబ్బంది లేదు.

ఎలక్ట్రికల్ దుకాణంలో చిన్న డిజిటల్ మల్టీమీటర్ కొనండి, ఖరీదైనది అక్కర్లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి మూడు సార్లు చూడండి. పొద్దున తాళం తిప్పకముందు ఒకసారి, సెల్ఫ్ నొక్కి ఉంచినప్పుడు ఒకసారి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి ఒకసారి. సెల్ఫ్ 3, 4 సెకన్లకు మించి నొక్కవద్దు. మళ్లీ నొక్కే ముందు పావు నిమిషమైనా ఆగండి.

ఉపాధ్యాయుడు:

ఈ పొద్దున కొలిచాను. తాళం తిప్పకముందు 12.1. సెల్ఫ్ నొక్కితే 8.6కి పడిపోయింది. ఇంజిన్ నడుస్తుండగా 14.1.

మెకానిక్:

చివరి అంకె చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. నడిచేటప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే బండి బ్యాటరీని సరిగ్గానే నింపుతున్నట్లు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను అనుమానించాలి, 13 కన్నా తక్కువుంటే ఛార్జింగ్ వైపు వెతకాలి. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. 12.2 అంటే సగం, 12.0 అంటే ఇంచుమించు పాతిక శాతం. మీది సగానికన్నా తక్కువే. సెల్ఫ్ నొక్కినప్పుడు కనీసం 9.6 అయినా నిలవాలి. సగం ఖాళీ అయిన బ్యాటరీ చలిలో అంత నిలబెట్టలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న ఒకటే, నిండుతున్నది ఎటు పోతోంది? 3 కిలోమీటర్లు వెళ్లి ఆపితే సెల్ఫ్ తాగిన కరెంటు పూర్తిగా తిరిగి చేరదు, పైగా హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అదొక కారణం. సీటు తీసి టెర్మినల్స్ చూడండి. బోల్టులు వదులుగా ఉన్నాయా, తెల్లగా పొడి పేరుకుందా? బండి కొన్నాక విడిగా ఏమైనా బిగించారా?

ఉపాధ్యాయుడు:

మీరు దగ్గరుండి చూసినట్లే అడిగారు. నెగటివ్ బోల్టు వేలితో తిప్పితే తిరిగింది. వైరు చివర సున్నంలాంటి పొడి. ఇంకొకటి, వర్షాకాలంలో హ్యాండిల్ దగ్గర మొబైల్ ఛార్జర్ పెట్టించాను. తాళం తీసేసినా దాని పచ్చ లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

మెకానిక్:

దాని వైర్లను నేరుగా బ్యాటరీకి కలిపారన్నమాట. నెగటివ్ వైరు ఊడదీసి, మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఆ వైరుకూ నెగటివ్ టెర్మినల్‌కూ మధ్య మీటరు పెట్టండి. బండి తాళం ఆఫ్‌లో ఉండాలి. సెల్ఫ్ పొరపాటున కూడా ముట్టుకోకండి, మీటరు ఫ్యూజు పోతుంది.

ఉపాధ్యాయుడు:

0.03 చూపించింది. ఛార్జర్ వైరు తీసేస్తే 0.00.

మెకానిక్:

దొరికింది. 0.03 చిన్నదనిపిస్తుంది కానీ లెక్క వేయండి. 24 గంటలకు 0.72 ఏహెచ్. మీ 5 ఏహెచ్ బ్యాటరీ వారం రోజులు కదలకుండా ఉంటే ఖాళీ. సెలవులకు ఊరెళ్లి వస్తే కిక్కుకు కూడా లేవదు, ఎందుకంటే మీ బండిలో పెట్రోలు పంపు, ఇంజెక్టర్ నడవడానికి కూడా బ్యాటరీయే కావాలి. ఆ ఛార్జర్ వైరును తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు, ఫ్యూజుతో సహా కలిపించండి.

బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. ఈ వరస తప్పితే పానా ఫ్రేమ్‌కు తగిలి నిప్పులు రాలతాయి. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి, పాత టూత్ బ్రష్‌తో ఆ పొడి కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. బిగించాక పైన వాజిలీన్ పలచగా రాస్తే మళ్లీ పేరుకోదు. తర్వాత అర ఆంపియర్ దగ్గర నెమ్మదిగా ఛార్జ్ చేయించండి. ఏహెచ్‌లో పదో వంతు, అదే లెక్క. కార్ల బ్యాటరీ దుకాణంలో గంటలో ఎక్కించి ఇస్తామంటే ఒప్పుకోకండి, సీల్డ్ బ్యాటరీ వేడెక్కి ఉబ్బిపోతుంది. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఆదిలాబాద్ నుంచి ఒకరు:

మా వైపూ చలి గట్టిదే. నాది పాత కార్బ్యురేటర్ బండి. చోక్ లాగి స్టార్ట్ చేసి, అర నిమిషం నడిచాక తోసేస్తాను. చోక్ తోయడం మరచిపోయి ఊరంతా తిరిగితే ప్లగ్గు నల్లగా మసి పట్టి మర్నాడు అసలే లేవదు. మాస్టారి బండికి చోక్ ఉండదు కదా?

మెకానిక్:

ఉండదు. దానికి తాళం తిప్పగానే సెల్ఫ్ నొక్కకుండా, సన్నగా వినిపించే పంపు చప్పుడు ఆగేదాకా 2, 3 సెకన్లు ఆగాలి. మీ పాత బండికి నీళ్లు పోసే బ్యాటరీ ఉంటే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, పై గీత దాకా పోయండి. కుళాయి నీళ్లూ వద్దు, యాసిడ్ అసలే వద్దు.

ఉపాధ్యాయుడు:

ఆదివారం అన్నీ చేశాను. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ఈ పొద్దున చెట్ల మీద మంచు ఇంకా కారుతుండగా కొలిచాను. 12.6. సెల్ఫ్ నొక్కితే 10.2, మొదటి నొక్కుకే స్టార్ట్ అయింది. మనసారా కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. పోయిన సర్వీసులో 20డబ్ల్యూ-50 ఆయిల్ పోశారు. బండి పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంది.

మెకానిక్:

పుస్తకంలో ఉన్నదే పోయించండి. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత పలచగా పారుతుంది, సెల్ఫ్‌కు అంత తేలిక. బ్యాటరీ వయసు నాలుగేళ్లు కాబట్టి నెలకొకసారి మీటరు పెట్టి చూడండి. నిండా ఛార్జ్ చేసిన మర్నాడే, ఏ వైరూ కరెంటు తాగకుండానే 12.4 కిందికి వస్తుంటే అప్పుడు కొత్తది కొనండి.