అనంతపురం బోరు నీళ్లకు అరకు కాఫీ చప్పగా వస్తోంది, ఏం చేయాల?

ప్రశ్న: అరకు గిరిజన రైతుల సహకార సంఘం అరబికా రకం గింజలు, లైట్ రోస్ట్ (తక్కువగా వేయించినవి). పేపర్ ఫిల్టర్లో 15 గ్రాముల పొడికి 250 మి.లీ. నీళ్లు. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 900. పండు వాసనే తెలియడంలేదు. ఆర్వో ఫిల్టరు నీళ్ల టీడీఎస్ 40. వాటితో పల్చగా, పుల్లగా ఉంటోంది.

జవాబు: గింజల తప్పేం లేదన్నా. బోరు నీళ్లలోని బైకార్బనేట్లు అనే లవణాలు కాఫీ పులుపును విరిచేస్తాయి. ఈ కాఫీకి ఆ సన్నని పులుపే ప్రాణం, దాన్ని పోగొట్టుకోవద్దు. అట్లని కాల్షియం, మెగ్నీషియం బొత్తిగా లేకున్నా రుచి దిగదు. ఏడు గ్లాసుల ఆర్వోకు ఒక గ్లాసు బోరు నీళ్లు కలపండి, టీడీఎస్ 150 దగ్గరికొస్తుంది. బోరు నీళ్లను ముందే మరిగించి, చల్లారినాక అడుగున పేరుకున్న తెల్లటి సున్నం కదలకుండా పైతేట వంచుకుంటే ఇంకా మంచిది. టీడీఎస్ మీటరుతో మళ్లీ చూసుకోండి.

ఇంకో జవాబు: నీళ్లు కుదిరినా పుల్లగానే ఉంటే పొడి ముతకైనట్టే. మొదట 45 మి.లీ. పోసి, పొడి పొంగినాక అర నిమిషం ఆగి మిగతాది పోయండి. మొత్తం 3 నిమిషాల్లో దిగాల. రెండు నిమిషాలకే దిగితే పొడిని ఒక మెట్టు సన్నం చేయండి. నాలుగు దాటి చేదొస్తే ముతక చేయండి. బజారు మిల్లులో మాత్రం ఆడించొద్దండి, ముందు ఆడిన చికోరీ అంటుకొనుంటుంది.

మూడో జవాబు: ప్యాకెట్ మీద రోస్ట్ తేదీ కూడా చూడండి. మన మే ఎండలకు విప్పిన ప్యాకెట్ తొందరగా వాసన పోగొట్టుకుంటుంది.