ఆయాసం లేని కుక్కకి గుండె మందు: ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగాలా?

చిట్టి వాళ్ళమ్మ, తెనాలి
మా చిట్టి పామరేనియన్. పదకొండేళ్ళు, ఆరు కిలోలు. టీకాకి తీసుకెళ్తే డాక్టర్ గారు స్టెతస్కోప్ పెట్టి చూసి గుండె చప్పుడులో మర్మర్ (అదనపు శబ్దం) ఉంది, ఆరింటిలో గ్రేడ్ 3 అన్నారు. అక్కడికక్కడే పిమోబెండాన్ అనే గుండె మందు రాసి జీవితాంతం వాడమన్నారు. ఎక్స్‌రే తీయలేదు. ఇదేమో కొరియర్ అబ్బాయి బండి వినపడితే చాలు, వీధి చివరిదాకా తరుముతుంది. దగ్గు లేదు, ఆయాసం లేదు. నిక్షేపంలా ఉన్నదానికి గుండె మందేంటని మా వారు. ఆలస్యం చేసి చేజేతులా పోగొట్టుకుంటామేమోనని నా టెన్షన్. కుక్కలకి ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీసేవాళ్ళు మాకు దగ్గర్లో లేరు. ఏం చేయమంటారు?

బీగిల్ నాన్న
మొదలుపెట్టేయండి మేడమ్. చిన్న జాతి ముసలి కుక్కల్లో మర్మర్ వినపడిందంటే చాలామటుకు మైట్రల్ కవాటం (గుండె ఎడమ గదుల మధ్య తలుపు లాంటిది) అరిగి రక్తం వెనక్కి లీకవుతోందనే అర్థం. ఈ మందు మీద 2016లో వచ్చిన ఎపిక్ అనే ట్రయల్‌లో 360 కుక్కలున్నాయి, ఒక్కదానికీ అప్పటికి ఆయాసం లేదు. పిమోబెండాన్ వాడినవాటికి గుండె వైఫల్యం సుమారు 15 నెలలు ఆలస్యంగా వచ్చింది. కుక్క బతుకులో 15 నెలలంటే మాటలా? ఊపిరితిత్తుల్లో నీరు చేరాక అర్ధరాత్రి ఆక్సిజన్ కోసం ఊరంతా తిరగడం కంటే ఇది నయం.

కొలతల మనిషి
బీగిల్ నాన్న గారూ, సగమే చెప్పారు. ఆ ట్రయల్‌లోకి మర్మర్ ఉన్న ప్రతి కుక్కనీ తీసుకోలేదు, గుండె పెరిగినవాటినే తీసుకున్నారు. ఎకోలో ఎడమ కర్ణిక (గుండె పై గది) బృహద్ధమనికి (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళానికి) కనీసం 1.6 రెట్లు ఉండాలి, ఎడమ జఠరిక (కింది గది) కూడా పెరిగి ఉండాలి, ఎక్స్‌రేలోనూ గుండె పెద్దదిగా కనపడాలి. ఇవన్నీ ఉంటేనే చేర్చుకున్నారు. 2019 అమెరికా మార్గదర్శకాలు చెప్పేదీ అదే. మర్మర్ ఉండి గుండె పెద్దగా పెరగకపోతే బి1, మందు వద్దు. ఆ కొలతలు దాటితే బి2, మందు మొదలుపెట్టాలి. చిట్టి ఈ రెంటిలో ఏదో చెవితో విని చెప్పగలరా ఎవరైనా?

బీగిల్ నాన్న
పుస్తకంలో బాగానే ఉంటుంది సార్. ఎకో కోసం తెనాలి నుంచి హైదరాబాద్ వెళ్ళి రావాలంటే కారు, ఫీజు, ఒక రోజు పని పోతాయి. పైగా మళ్ళీ మళ్ళీ చూపించాలి. మందు ఏమైనా విషమా? ఎపిక్‌లో దుష్ప్రభావాలు మందు లేని ఉత్తుత్తి బిళ్ళ మింగినవాటితో సమానంగానే ఉన్నాయి.

కొలతల మనిషి
గుండె పెరిగిన కుక్కల్లో సమానం. పెరగనివాటి సంగతి వేరు. 2007లో ఫ్రాన్స్‌లో మీ బీగిళ్ళ మీదే ఒక పరీక్ష చేశారు. కవాటం కొద్దిగా మాత్రమే చెడిన 12 కుక్కలకి కొన్నింటికి పిమోబెండాన్, కొన్నింటికి బెనజెప్రిల్ అనే మరో గుండె మందు ఇచ్చి ఏడాదిన్నర చూశారు. పిమోబెండాన్ ఇచ్చినవాటిలో లీకు పెరిగింది, కవాటం మీద దెబ్బా ఎక్కువ కనిపించింది. 12 కుక్కలతో తీర్పు చెప్పలేమన్నది నిజమే. కానీ బి1లో మేలు జరుగుతుందని చూపించిన ఆధారం మీ దగ్గర ఉంటే పెట్టండి. రోజుకి రెండు పూటలా జీవితాంతం మింగించే బిళ్ళకి ఆ మాత్రం అడగకూడదా?

గుంటూరు వెట్
ఇద్దరూ ఎకో దగ్గరే ఆగిపోయారు. తెనాలిలో ఎక్స్‌రే దొరుకుతుంది కదా. కుక్కని పక్కకి పడుకోబెట్టి ఛాతీ ఫిల్మ్ తీస్తాం. అందులో గుండె పొడవూ వెడల్పూ కొలిచి, ఆ రెండు కొలతల్నీ వెన్నెముక మీద నాలుగో ఛాతీ పూస ముందు అంచు నుంచి పెట్టి, ఎన్ని పూసలు వచ్చాయో కూడతాం. మామూలుగా 10.5 లోపు ఉండాలి. 11.5 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఎకో లేకపోయినా మందు మొదలుపెట్టవచ్చు. మా దగ్గర చాలా కేసులు ఇలాగే తేలుతాయి.

రెండో పని ఇంట్లోనే. చిట్టి గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పొట్ట పైకి లేస్తుందో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయండి. 30 లోపు ఉంటే భయం లేదు. నిద్రలో 30 దాటడం మొదలై రోజూ అలాగే ఉంటే ఫోన్ చేయకుండా నేరుగా తీసుకెళ్ళండి.

పామరేనియన్ కాబట్టి ఇంకో మాట. రేపు దగ్గు మొదలైనా వెంటనే గుండె మీద వేసేయొద్దు. ఈ జాతికి గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోవడం మామూలే. మెడ పట్టీ లాగినప్పుడు, ఎగిరి గంతులేసినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతుంది. దానికి నీరు తీసే బిళ్ళలు వేస్తే ప్రయోజనం ఉండదు. పట్టీ తీసేసి ఛాతీకి కట్టే బెల్టు వాడండి.

మందు మొదలుపెట్టాల్సి వస్తే తిండికి గంట ముందు, ఖాళీ కడుపుతో వేయండి. పెరుగన్నంలో కలిపేస్తే సరిగ్గా ఒంటికి పట్టదు.

పిల్లులమ్మ
పక్కదారి పట్టిస్తున్నా, క్షమించండి. పిల్లులున్నవాళ్ళు ఈ చర్చ చదివి అదే బిళ్ళ కొనకండి. పిల్లులకి ఎక్కువగా వచ్చేది గుండె కండరం మందమయ్యే జబ్బు. మర్మర్ లేకుండానే ఉండొచ్చు. గడ్డ కట్టిన రక్తం వెళ్ళి వెనక కాళ్ళ రక్తనాళాల్లో ఇరుక్కుంటే రాత్రికి రాత్రే కాళ్ళు పడిపోతాయి, చల్లబడతాయి. అక్కడ లెక్క పూర్తిగా వేరు.

సత్తెనపల్లి బాబాయ్
పదకొండేళ్ళ కుక్కని ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి భయపెట్టడం ఎందుకమ్మా? తిననీ, తిరగనీ.

చిట్టి వాళ్ళమ్మ, తెనాలి
బాబాయ్ గారూ, ఏమీ తెలియకుండా కూర్చోవడం నా వల్ల కాదండీ. డాక్టర్ గారూ, నిద్రలో 22 వచ్చింది, మా వారు కూడా లెక్కపెట్టారు. గురువారం ఎక్స్‌రే. అప్పటిదాకా మందు కొనను.

కొలతల మనిషి
మంచిది. కానీ 11 వస్తే ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. 10.5కీ 11.5కీ మధ్యలోనే అసలు గొడవ.

బీగిల్ నాన్న
11 వస్తే నేనైతే వేసేస్తా.

గుంటూరు వెట్
నేనైతే ఫిల్మ్ దాచుకుని ఆరు నెలలకి మళ్ళీ తీయిస్తా. ఈలోగా హైదరాబాద్ వెళ్ళే పని పడితే ఎకో కూడా.