సమస్యాపూరణం: కారు నెట్టిన మొనగాడు గద్దెనెక్కె

ఈ వారం సమస్య తేటగీతి పాదం:
«కారు నెట్టిన మొనగాడు గద్దెనెక్కె»

ఇది నిజంగా జరిగింది. 1959 డిసెంబరు 12, ఫ్లోరిడాలోని సెబ్రింగ్, అమెరికా గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ కార్ల పందెం. బ్రూస్ మెక్‌లారెన్ మొదటివాడు. 0.6 సెకన్ల తేడాతో త్రింతిన్యాన్ రెండు, ఫెరారీలో టోనీ బ్రూక్స్ మూడు. చివరి ల్యాపులో పెట్రోలు అయిపోతే కూపర్ కారును నెట్టుకొచ్చి, గీత దాటి కూలబడిన జాక్ బ్రాబమ్ నాలుగు. ఆ ఏటి ప్రపంచ ఛాంపియన్ ఆయనే.

మొదటి పూరణ

చివరి చుట్టునఁ బెట్రోలు చెల్లిపోయె;
గీత కనుచూపు మేరలోఁ గ్రిందికురికి
యాప కడుగుల నెవ్వరి యండ లేక
కారు నెట్టిన మొనగాడు గద్దెనెక్కె.

పరిశీలన: ధార హాయిగా ఉంది. ‘ఎవ్వరి యండ లేక’ ఈ పద్యానికి ప్రాణం. ఇంకొకరు చెయ్యి వేస్తే ఆ ఫలితం చెల్లేది కాదు. కానీ నెట్టినందుకే గద్దె దక్కినట్టు వినిపిస్తోంది. ఆ సంవత్సరం ఛాంపియన్‌ని తేల్చడానికి ఒక్కొక్కరివి అయిదు ఉత్తమ ఫలితాలే లెక్క. బ్రాబమ్‌కి అప్పటికే 31 పాయింట్లు. నాలుగో స్థానపు 3 పాయింట్లు కలవనే లేదు.

రెండో పూరణ

మాసు గేరులు చెడి యాగె మార్గమందె;
బ్రూక్సు మూడవ చోటునఁ బోయి నిలిచె;
ముందు కూర్చిన పాయింట్లె మూటగట్టి
కారు నెట్టిన మొనగాడు గద్దెనెక్కె.

పరిశీలన: లెక్క సరిపోయింది. గద్దె కోసం బ్రాబమ్‌తో పోటీపడినవాళ్లు స్టర్లింగ్ మాస్, బ్రూక్స్. మొదటి ల్యాపులోనే సాటి ఫెరారీ వెనకనుంచి గుద్దితే బ్రూక్స్ పిట్‌లోకి (కార్లు బాగుచేసే చోటికి) వచ్చి కారు చూపించుకున్నాడు. అక్కడే వెనకబడ్డాడు, మొత్తం 27 పాయింట్ల దగ్గర ఆగాడు. అయితే ‘నెట్టిన’ అన్న మాటకు ముందు పాదాల్లో ఆధారం లేదు. ఆ చెమట మొదటి పూరణలోనే ఉంది, నా ఓటు దానికే.

ఇంకో సభ్యుడు: మాస్టారూ, గెలిచినవాడికి చోటు లేకపోతే ఎలా? రెండో పూరణలో బ్రూక్స్ పాదం తీసేసి ఇలా రాశాను:
మిత్రుఁ డాగిన మెక్లారె ముందు కేఁగె

పరిశీలన: మిత్రుడంటే బ్రాబమ్ అన్నమాట. 22 ఏళ్ల కుర్రాడు మెక్‌లారెన్‌ని గుర్తుచేసినందుకు సంతోషం. కాకపోతే ‘మి’కి ‘ము’తో యతి చెల్లదు. ‘మేటి యయ్యె’ అంటే కుదురుతుంది. బ్రూక్స్‌ని మాత్రం కదపకండి, మాస్ పాదం తీసి అక్కడ పెట్టండి. మెక్‌లారెన్ గెలిచాడంటేనే మొదటి స్థానపు 8 పాయింట్లు మాస్‌కీ అందలేదు, బ్రూక్స్‌కీ అందలేదు.